కాకులు తోలే చెయ్యి

నేనూ మా అత్తా పొయ్యి వేరు చేసుకున్నది ఒక చీర పేలిక మీద వచ్చిన తగువుతో. ఊళ్లో చాలామంది ఇప్పటికీ వేరే కారణాలు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నా నోటి దురుసు గురించి వాళ్లు అనేది మాత్రం నిజమే, అందులో నాకు పేచీ లేదు.

మాది కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి సముద్రం వైపు వస్తే తగిలే ఊరు. మా ఆయన ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద పనిలో ఉంటాడు, ఈ తీరంలో చాలామంది మగాళ్లలాగే. నేను నరసన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రమే. మా అత్తది ఎండుచేపల బేరం. పచ్చి చేప కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, ఏరి, సంతకి పట్టుకెళ్తుంది. మాకు ఒక్కతే అమ్మాయి. నేను బడికి పోతే పిల్ల మామ్మ దగ్గరే ఉండేది.

ఆ రోజు పరీక్షలు కావడంతో మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను. పిల్లకి అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. అరుగు మీద కూర్చోబెట్టి ఉంది, ముందర పళ్లెంలో అన్నం, చేపల పులుసు. ఎడమ చెయ్యి పాత చీర పేలికతో నడుముకి కట్టేసి ఉంది. కుడి చెయ్యి ఎప్పటిలాగే పిడికిలి బిగించుకుని ఒళ్లో పడి ఉంది. పిల్ల ఏడుస్తోంది. ఒక్క మెతుకు నోట్లోకి పోలేదు.

"తిను. ఆ సేత్తోనే తిను. ఆకలేస్తే సెయ్యే వస్తాది" అంటోంది మా అత్త, ఎదురుగా పీట మీద కూర్చుని.

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో సంచి అక్కడే పారేశాను.

"ఏటత్తా ఇది? పిల్లనుకున్నావా, పశువనుకున్నావా?"

"పుర్రసేత్తో తింటే రేపు పెళ్లి బంతిలో కూకున్నప్పుడు నలుగురూ ఏటంటారు? అదొక్కటే కాదే, ఆ కుడిసెయ్యి సూడు. దానికి పని సెప్పకపోతే అది అలగే ఉండిపోద్ది."

ఆమె రెండు మాటలంది. నాకు మొదటిదే వినబడింది. పుర్రచెయ్యి, పెళ్లి బంతి, నలుగురూ! రెండో మాట నా చెవిన పడనే లేదు. ఎందుకు పడుతుంది? ఎడమచేతి వాటం పిల్లల్ని బలవంతంగా మార్చకూడదని మాకు ట్రైనింగులో చెప్పారు. నా క్లాసులో ఒక పిల్లాడి తండ్రిని పిలిపించి, ఈ విషయం మీదే గడ్డి పెట్టి పంపినదాన్ని నేను. నా కూతురిది ఎడమచేతి వాటం, అంతే. ఎవరేమన్నా అంతే.

పేలిక విప్పి పొయ్యిలో పడేశాను. అది కాలుతుంటే చూస్తూ నిలబడ్డాను కూడా. మర్నాడే వెనక గదిలో గ్యాసు పొయ్యి పెట్టుకుని వంట వేరు చేసేశాను. పొయ్యి అయితే వేరు పెట్టుకోవచ్చు గానీ, పిల్లని ఎవరి దగ్గర వదిలి బడికి పోను? అందుకని గుమ్మంలో నిలబడి ఒక్కటే చెప్పాను.

"ఇంకోసారి ఈ పిల్ల సెయ్యి కట్టినావంటే నాను మా అమ్మోలింటికి ఎల్లిపోతాను."

"కట్టనులేవే. ఎల్లు, బస్సెలిపోద్ది" అంది, నా మొహం చూడకుండా.

ఏడాది పాటు అదే మా మధ్య ఆఖరి పెద్ద మాట. తర్వాతవి చాలావరకు పిల్ల మోసిన మాటలే. "మామ్మ ఉప్పుందా అని అడుగుతాంది", "అమ్మ నీళ్లొచ్చినాయని సెప్పమంది." ఒకే చూరు కింద ఉండి, ఇద్దరాడవాళ్లం అయిదేళ్లు నిండని పిల్లని పోస్టుమాన్‌ని చేశాం. మా ఆయన ఫోన్లో బతిమాలేవాడు. నేను వినలేదు. పిల్ల ఎడమ చేత్తో చక్కగా తింటుంటే, గీతలు గీస్తుంటే, గెలిచినట్టే ఉండేది నాకు.

పిల్లని మా స్కూల్లోనే ఎల్‌కేజీలో వేసే ముందు, ఒక రోజు వెంట తీసుకెళ్లాను. ఆ రోజే పిల్లల ఆరోగ్యం పరీక్ష చేసేవాళ్లు వ్యాన్లో వచ్చారు. మా అమ్మాయిని చూసిన కుర్ర డాక్టరు చెప్పులు విప్పించి గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిపించాడు. కుడి మడమ నేలకి ఆనడం లేదని అప్పుడే నేనూ చూశాను. నడక వచ్చిన దగ్గర్నించీ ఆ పిల్ల నా కళ్ల ముందే నడుస్తోంది. వాళ్ల నాన్నలాగే ఊగుతూ నడుస్తుందని మురిసిపోయేదాన్ని. "విజయనగరం తీసుకెళ్లండి మేడం, ఆలస్యం చెయ్యకండి" అని చీటీ రాసిచ్చాడు.

విజయనగరం ఆసుపత్రిలో పిల్లని చూసిన పెద్ద డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. పిల్ల కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే తెరిచి, వదిలి, మళ్లీ తెరిచి చూసింది.

"ఎప్పటి నుంచి అన్నీ ఎడమ చేత్తోనే పట్టుకుంటోంది?" అని అడిగింది.

నేను గర్వంగానే చెప్పాను. "ఏడాది నిండకముందు నుంచే మేడం. ఎనిమిదో నెలలోనే గిలక్కాయ ఎడమ చేత్తో లాక్కునేది."

ఆవిడ రాస్తున్నది ఆపింది. "ఏడాదిలోపు పిల్లలకి చేతివాటం రాదమ్మా. ఆ వయసులో ఒక చెయ్యే వాడుతున్నారంటే, రెండో చెయ్యి వాడలేకపోతున్నారని."

ఆవిడ చెబుతూనే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల కదా, ఆ రోజుల్లో మెదడులో ఒక చోట దెబ్బ తగిలి ఉంటుందట. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారట, మా పిల్లకి కుడి పక్కకే వచ్చిందట. ఆ దెబ్బ ఇక పెరగదు, అలా అని మానిపోదు కూడా. కానీ వాడని చేతిని మెదడు మరిచిపోతూ వస్తుంది. "చిన్నతనంలో ఎంత తొందరగా ఆ చేతికి పని చెబితే అంత మంచిది" అంది.

పని చెబితే. మా అత్త అన్న మాటే, మక్కీకి మక్కీ. ఏడాది ఆలస్యంగా ఇప్పుడు చెవికెక్కింది.

"ఏడాది కిందటే మొదలుపెట్టి ఉంటే మేడం?" అని అడిగాను.

"అయిపోయినదాని గురించి ఇప్పుడెందుకమ్మా" అందావిడ. డాక్టర్లు అలా అన్నారంటే ఏమిటో నాకు తెలుసు. పేలిక కాల్చినది నేనే. ఆ పొయ్యిలో నా కూతురి కుడి చేతిని కూడా పడేశానేమో అనిపించింది. ఆ భయం అక్కడి నుంచి నన్ను వదల్లేదు, ఇంట్లో, బడిలో, బస్సులో.

ఆ ఆసుపత్రిలో అప్పుడు ఒక పరిశోధన మొదలవుతోంది. ఇలాంటి పిల్లలకి ఇంట్లోవాళ్లే చేయించగల పద్ధతులు రెండున్నాయట, వాటిలో ఏది మనలాంటి ఇళ్లల్లో సాగుతుందో చూడాలని. ఒకటి రెండు చేతులూ కలిపి ఆడే ఆటలు. రెండోదాన్ని ఆవిడ చెబుతుంటే నా చెవులు గింగురుమన్నాయి: బాగున్న చేతికి గుడ్డ తొడుగు వేసి, రోజూ రెండు గంటలు ఆడించడం. ఎవరికి ఏ పద్ధతి అనేది మనం ఎంచుకోకూడదు, అంటించిన కవర్లలోంచి తీస్తారు. సంతకం పెట్టాను. కవరు తీశారు. నాకు ఏది వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

"అంటే చెయ్యి కట్టెయ్యడమేనా మేడం?"

"కట్టడం కాదమ్మా. పిల్ల ఒప్పుకుంటేనే తొడగాలి, ఏడిస్తే తీసెయ్యాలి. అన్నం దగ్గర వద్దు, ఆకలి మీద ఉన్నప్పుడు అసలే వద్దు. ఆట ఉండాలి. ఆట లేకపోతే అది శిక్షే."

మొదలుపెట్టే ముందు, చెయ్యి ఇప్పుడెలా ఉందో వీడియో తీసి పెట్టుకోవాలన్నారు. రంగు రంగుల దిమ్మలు, పూసలు, డబ్బాలో వేసే బిళ్లలు బల్ల మీద పెట్టారు. ఎడమ చేతికి తొడుగు వేసి, ఫిజియోథెరపీ అమ్మాయి ఎంత ముద్దుగా పిలిచినా, మా పిల్ల కుడి చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. ఒక్క దిమ్మ తియ్యలేదు. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ నాకేసి చూసి నవ్వింది. ఆ నవ్వులో జాలి నాకు నచ్చలేదు.

తిరుగు రైల్లో ఆమదాలవలస దగ్గర తట్టలతో ఆడవాళ్లు ఎక్కారు. అందులో మా అత్తతో సంతకి వెళ్లే ఆవిడ కూడా ఉంది. పిల్ల ఆడుకుంటున్న తొడుగు గబుక్కున లాక్కుని సంచి అడుక్కి తోసేశాను. దొంగసొత్తు దాచినట్టు దాచాను. స్టేషన్లో దిగాక మా ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పి ఏడ్చాను.

"అమ్మకి సెప్పీ. అమ్మ అప్పుడే అన్నాది కదా" అన్నాడు.

"సచ్చినా సెప్పను" అన్నాను. అదీ నా తీరు.

అలా మొదలైంది మా ఇంట్లో దొంగ వైద్యం. సాయంత్రం రాగానే గది తలుపులు వేసి పిల్లకి తొడుగు వేసేదాన్ని. ఆసుపత్రి వాళ్లిచ్చిన దిమ్మలు ముందు పోసేదాన్ని. రెండు నిమిషాలు చూసేది, మూడో నిమిషంలో "ఇప్పీయే!" అని మొదలెట్టేది. కోపం నా ముక్కు మీదే ఉంటుంది కదా, "ఒక్కటి తియ్యవే, ఒక్కటంటే ఒక్కటి!" అని అరిచేదాన్ని. అరవగానే డాక్టరమ్మ చెప్పిన శిక్ష అనే మాట గుర్తొచ్చేది. తొడుగు తీసేసి, వాళ్లిచ్చిన పుస్తకంలో రాసేదాన్ని: ఈ రోజు పది నిమిషాలు, ఏడ్చింది. ఈ రోజు ఆరు నిమిషాలు, ఏడ్చింది. ఎవరు ఏడ్చారో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

గోడ అవతల నుంచి మా అత్త అడిగేది. "ఏటా ఏడుపు?"

"అఆలు దిద్దిస్తన్నాను!" అని అరిచేదాన్ని.

ఒక సాయంత్రం పిల్ల దిమ్మలన్నీ తన్నేసి, "మామ్మ కాడ ఆటే బాగుంటాది. నాను కాకుల్ని తోల్తాను" అంది. సరేలెమ్మని ఊరుకున్నాను. పిల్లల మాటల్లో కాకులూ పిల్లులూ చాలా ఉంటాయి.

వేసవి వచ్చి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ సంగతి నేను మా అత్తకి చెప్పలేదు, పిల్లతో కబురూ పెట్టలేదు. మొదటి రోజు మధ్యాహ్నం ఇంటికొస్తే ముంగిట్లో ఎవరూ లేరు. పెరట్లోంచి మా అత్త గొంతు వినబడింది. "కర్ర దించకే! అదిగో, కాకొచ్చీసినాది!"

మళ్లీ చెప్పకుండా వచ్చాను, మళ్లీ ఏం చూడాలో. గోడ పక్క నుంచి తొంగి చూశాను.

పాత వల పరిచి దాని మీద నెత్తళ్లు ఎండబెట్టి ఉన్నాయి, వేలెడంత చేపలు. తాటాకు పందిరి నీడలో మా అత్త కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ కాళ్ల మధ్య నా కూతురు. దాని ఎడమ చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర గాలికి రెపరెపలాడే ప్లాస్టిక్ కవరు. ఒళ్లో చేపల చేట. కుడి పక్కన బుట్ట.

కాకి వాలబోతే పిల్ల ఎడమ చేత్తో కర్ర ఊపుతోంది. కర్ర దించడానికి లేదు, దించితే కాకులు దిగిపోతాయి. మరి చేపలు ఏరాలి కదా? పిడికిలి బిగుసుకుని ఉండే ఆ కుడి చెయ్యి చేటలోకి వెళ్లింది. వేళ్లు నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి విచ్చుకున్నాయి. బొటనవేలు సరిగ్గా రాలేదు, వేళ్ల పక్కతో అదిమి ఒక నెత్తల్ని పట్టుకుంది. చెయ్యి వణుకుతూ బుట్ట దాకా వెళ్లింది. చేప బుట్టలో పడింది. మళ్లీ ఇంకోటి. పిల్ల ఏడవడం లేదు. నాలిక బయటపెట్టి, కాకిని తిట్టుకుంటూ ఏరుతోంది.

ఏడాదిలో మొదటిసారి నేనే ముందు నోరు విప్పాను.

"ఎప్పుట్నించి అత్తా?"

తల తిప్పలేదు. "ఏటెప్పుట్నించి?"

"ఈ కర్ర, ఈ సేపలు."

"నువ్వు పొయ్యి వేరెట్టిన కాడ్నించీ. కట్టొద్దన్నావు, కట్టనేదు. మంచి సేతికి కాకుల పని సెప్పినాను. ఇంక సేపలేరాలంటే ఏ సెయ్యి మిగిల్నాదే దానికి? మొదట్లో పిడికిలితో నెట్టీది. ఇప్పుడు పడతాంది."

"మరి నాతో సెప్పలేదేటి?"

"నువ్వు నాతో మాటాడితే కదా సెప్పడానికి!"

ఆ ఇసకలోనే కూలబడిపోయాను. ఏడాది పోయిందనుకుని నేను కుళ్లి కుళ్లి ఏడ్చిన ఏడాది, రోజూ మధ్యాహ్నం ఈ పందిరి కింద నడుస్తూనే ఉంది. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను తిట్టుకుంటున్నప్పుడు కూడా నడుస్తూనే ఉంది. గుండె మీంచి బండ దింపినట్టయింది. సిగ్గూ శరం లేకుండా బావురుమన్నాను. సంచిలోంచి తొడుగు తీసి ఆమె ఒళ్లో పెట్టి, ఆసుపత్రి, కవరు, దిమ్మలు, అఆల అబద్ధం, అన్నీ చెప్పేశాను.

దెప్పుతుందనుకున్నాను. దెప్పే హక్కు ఆమెకి ఉంది. తొడుగుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గుడ్డ కోసమా ఇజీనగరం ఎల్లొచ్చినావు!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఆయాల ఆకలి మీద గుంట సెయ్యి కట్టీడం మాత్రం నా తప్పే. అది నాకేసి సూసిన సూపు నాకింకా కనబడతాది. నువ్వొచ్చి ఇప్పకపోతే, నానే ఇప్పీదాన్నో నేదో, నాకే తెల్దు" అంది.

మళ్లీసారి విజయనగరం వెళ్లినప్పుడు ముగ్గురం వెళ్లాం. మా అత్త చెప్పకుండా ఒక మూట తెచ్చింది. అందులో ఏముందో రైలు పెట్టె అంతటికీ తెలిసిపోయింది. ఆసుపత్రిలో మళ్లీ దిమ్మలు పెట్టారు, పిల్ల మళ్లీ ఒళ్లోంచి చెయ్యి తియ్యలేదు. మా అత్త కాసేపు చూసింది. "ఆ రంగు బిళ్లలు దానికేటి పనికొస్తాయమ్మా?" అని మూట విప్పి, నెత్తళ్లు బల్ల మీద పోసింది. పిల్ల ఎడమ చేతికి కర్ర దొరక్క, గోడకి ఆనించి ఉన్న గొడుగు ఇచ్చింది. "కాకులొస్తన్నాయే" అంది.

పిల్ల గొడుగు ఎత్తింది. కుడి చెయ్యి ఒళ్లోంచి లేచింది.

ఫిజియోథెరపీ అమ్మాయి కెమెరా కోసం పరిగెత్తింది. ఈ వాసన ఎక్కడిదని పక్క గదిలోంచి ఆయా వచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. డాక్టరమ్మ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, పిల్ల వేళ్లకేసే చూసింది.

"మేము ఆడమని బొమ్మలిచ్చాం. ఈ పిల్లకి పని కావాలి" అంది చివరికి. నా వైపు తిరిగి, "ఏడాది పోయిందని బాధపడ్డావు కదమ్మా. పోలేదు. ఈ చెయ్యి ఈ పిల్లకి గుర్తుంది" అంది.

ఆవిడ లేనిపోని ఆశలు పెట్టే మనిషి కాదు. ఈ చెయ్యి ఎప్పటికీ ఆ చేతిలా కాదని అప్పుడే చెప్పింది. ఒక్క పిల్లని చూసి పరిశోధన తేల్చలేమని కూడా చెప్పింది. తొడుగుతో రెండు గంటలూ మానొద్దంది, దిమ్మలకి బదులు ఇంట్లో ఏది ఇష్టమైతే అది పెట్టమంది. మామ్మ చేయించేది పుస్తకంలో విడిగా రాయమంది.

"ఏటని రాత్తారు?" అడిగింది మా అత్త.

"ఏమని రాయమంటారు మామ్మగారూ?"

"కాకులని రాయండి."

అలాగే రాశారు. ఇంటికొచ్చాక గ్యాసు పొయ్యి వెనక గదిలోంచి వంటింట్లోకి నేనే మోసుకెళ్లి పెట్టాను. ఆ రాత్రి వంట మా అత్త చేసింది, ఉప్పెక్కువైంది. నేనేమీ అనలేదు. అదే నాకు చాలా గొప్ప.

ఇప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మడమకి పట్టీ వేసుకుని బడికి నడుస్తుంది. కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటుంది, బొత్తాలు పెట్టుకోలేదు, జడ వేసుకోలేదు. మొన్న నరసన్నపేటలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. బంతిలో పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని అటు మా అత్త, ఇటు నేను కూర్చున్నాం.

పిల్ల మొదట కుడి చేత్తోనే మొదలెట్టింది. పప్పన్నం ముద్ద సగం ఆకులో జారిపోయింది, సగం నోట్లోకి వెళ్లింది. నాలుగైదు ముద్దలయ్యేసరికి వేళ్లు అలిసిపోయి ముడుచుకుపోవడం మొదలైంది. అప్పుడు ఎడమ చెయ్యి ఆకు మీదకి వచ్చింది.

"అయ్యో, పుర్రసేత్తో తింటన్నాదేటే ఈ గుంట!" అంది ఎదుటి వరసలో ఒకావిడ, నలుగురికీ వినబడేలా.

నేను ఏమాలోచించానో నాకే తెలియదు. నా చెయ్యి దానంతటదే వెళ్లి పిల్ల ఎడమ చేతిని పట్టుకుని బల్లకేసి అదిమేసింది. పేలిక కాల్చిన చెయ్యే అది.

ఠపీమని నా మణికట్టు మీద దెబ్బ పడింది. పులుసు చేత్తోనే కొట్టింది మా అత్త.

"ఒగ్గీ" అంది నాతో. తర్వాత ఎదుటావిడకేసి తిరిగింది. "కుడిసేత్తో తిన్నాది, అలిసిపోనాది, ఇప్పుడీ సేత్తో తింతాది. రెండూ దాని సేతులే. నువ్వు తినమ్మా, సల్లారిపోతాది."

నేను చెయ్యి తీసేశాను. మణికట్టంతా పులుసే. మా అమ్మాయి ఇవేమీ పట్టించుకోలేదు. అప్పడం వడ్డించారు, దాని ధ్యాసంతా ఆ అప్పడం మీదే. కుడి పిడికిలితో అప్పడాన్ని ఆకు మీద అదిమిపట్టి, ఎడమ చేత్తో ఫెళ్లున విరిచింది. సగం తను తీసుకుని, సగం మామ్మ ఆకులో వేసింది. నాకు ముక్క కూడా పెట్టలేదు. పెట్టకపోతే ఏం, అప్పటికే నా కడుపు నిండిపోయింది.